ఇంటి రుణానికి సలహాదారు అవసరమా?

చిరంజీవి అమ్మాయికి బాబాయి ఆశీస్సులు.

ఇంటి రుణం కోసం సలహాదారును పెట్టుకోవాలా, నేరుగా బ్యాంకుకే వెళ్లాలా అని అడిగావు. చాలాకాలం రుణ దరఖాస్తులు పరిశీలించే ఉద్యోగం చేసినవాణ్ని కనుక కొంచెం వివరంగానే రాస్తున్నాను.

నెలనెలా జీతం వస్తూ, పాత అప్పులు లేకుండా, వాయిదా ఎన్నడూ తప్పనివారికి సలహాదారు లేకపోయినా పని జరుగుతుంది. మీ సంగతి వేరు. నీది జీతమైనా అల్లుడుగారిది సొంత వ్యాపారం. ఒక ఏడు లాభం బాగుంటుంది, మరో ఏడు తగ్గుతుంది. ఇటువంటి ఆదాయాన్ని ఒక బ్యాంకు కొన్నేళ్ల సగటు తీసి లెక్కిస్తే, మరొకటి తక్కువ వచ్చిన ఏడాదినే ప్రమాణంగా తీసుకోవచ్చు. ఎవరు ఎలా లెక్కిస్తారో తెలిసిన మనిషి ఉంటే, ఒప్పుకోని చోట దరఖాస్తు పెట్టి తిరస్కరణ తెచ్చుకునే అవస్థ తప్పుతుంది. పైగా కొద్దికాలంలోనే పలుచోట్ల దరఖాస్తులు పెడితే క్రెడిట్ స్కోరు, అంటే అప్పు తీర్చే విషయంలో మన నమ్మకాన్ని చూపే అంకె, తగ్గే అవకాశం ఉంది. అందువల్ల మీరు సలహాదారును కలవడమే మంచిదని నా అభిప్రాయం.

కానీ ముందు మీ ఖాతా ఉన్న బ్యాంకుకు వెళ్లి, వడ్డీ రేటు, అది స్థిరమైనదా మారేదా, ప్రాసెసింగ్ రుసుము, గడువుకు ముందే తీర్చేస్తే జరిమానా ఏమైనా ఉంటే అది, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం చేతిలో లేకపోతే సలహాదారు తెచ్చిన రుణం మంచిదో కాదో మీకు తెలిసే మార్గం ఉండదు.

సలహాదారును మొట్టమొదట అడగవలసింది, ఈ రుణం ఇప్పిస్తే ఆయనకు ఎవరు ఎంత ఇస్తారన్నది. కొందరు మన దగ్గర రుసుము తీసుకుంటారు, కొందరికి బ్యాంకు కమీషన్ ఇస్తుంది, కొందరు రెండూ తీసుకుంటారు. కమీషన్ తీసుకోవడం తప్పు కాదు. అయితే అది సాధారణంగా రుణం మొత్తాన్ని బట్టి ఉంటుంది కనుక, మీరు అనుకున్నదానికన్నా పెద్ద రుణం తీసుకోమని ఆయన ప్రోత్సహిస్తే ఆ మాట ఎందుకు వచ్చిందో ఆలోచించాలి. ఎన్ని సంస్థల రుణాలు పోల్చి చూస్తారో కూడా అడగండి. రెండు మూడు సంస్థలకే పరిమితమైన మనిషి సలహా ఆ మేరకే పనికొస్తుంది.

ఇక రుసుము సంగతి. 20 ఏళ్ల రుణానికి 9 శాతానికి బదులు 8.5 శాతం వడ్డీ కుదిరి, అది చివరిదాకా అలాగే ఉంటే, మొత్తం మీద మిగిలేది అసలులో ఏడున్నర శాతం పైమాటే. అంతటి తేడా తెచ్చిపెట్టే మనిషికి 1 శాతం ఇచ్చినా నష్టం లేదు. మీ బ్యాంకు చెప్పిన రేటే ఆయనా తెస్తే మాత్రం, తిరస్కరణ భయం లేనప్పుడు, ఆ డబ్బు ఇవ్వనక్కరలేదు. రుణం మంజూరు కాకపోతే రుసుము తిరిగి ఇస్తారా లేదా అన్నది ముందే రాతలో ఉండాలి.

ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టమన్నా, ఆదాయం ఎక్కువ చేసి చూపిద్దామన్నా, మరో మాట లేకుండా లేచి వచ్చేయండి. దరఖాస్తులో అబద్ధం ఉంటే సంతకం చేసిన మీరే బాధ్యులవుతారు.

బ్యాంకు కాగితం, సలహాదారు కాగితం రెండూ చేతికి వచ్చాక, సంతకాలు చేయకముందే నాకు పంపు. నేను చదివి చెబుతాను.

ఇట్లు,
మీ బాబాయి