ఒక రాత్రి, ఒక పాట, ఒక సోలో: బ్లూస్ గిటార్ మీద రాస్తున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

నీ వ్యాసం చదివాను. బ్లూస్ (అమెరికా నల్లజాతివాళ్ళ దగ్గర పుట్టిన సంగీతం) వాయించేవాళ్ళలో ఎరిక్ క్లాప్టన్ గొప్పా, బడ్డీ గై గొప్పా అని మొదలుపెట్టి, చివరికొచ్చేసరికి బీబీ కింగ్, జెఫ్ బెక్, స్టీవీ రే వాన్, డ్యూయన్ ఆల్‌మన్ లాంటి గిటారిస్టులందరినీ వరసలో నిలబెట్టి మార్కులు వేశావు. వాక్యం సాఫీగా సాగుతోంది. ఈ సంగీతం మీద నీకున్న ఇష్టం దాచినా దాగదు. కానీ మొత్తం వ్యాసంలో ఒక్క కచేరీ తేదీ లేదు, హాలు పేరు లేదు, ఏ రికార్డింగు విని ఏ మాట అన్నావో లేదు. అలాంటప్పుడు అది టీ కొట్టు దగ్గర హీరోల అభిమానులు పడే గొడవలాగే ఉంటుంది. గొంతు పెద్దదైనవాడి హీరో గెలుస్తాడు.

మనిషికి మార్కులు వేయడం మానెయ్. ఒక రాత్రి తీసుకో. ఆ రాత్రి వాయించిన ఒక పాట తీసుకో. కుదిరితే అందులో ఒక్క సోలో (గిటారు ఒక్కటే ముందుకొచ్చి పలికే భాగం) దగ్గరే ఆగు. ఈ వాదనల్లో తేలేదంటూ ఏదైనా ఉంటే అక్కడే తేలుతుంది.

నీ వాక్యంతోనే చూద్దాం. "1968లో నిప్పులు కురిపించిన క్లాప్టన్ 2005కి చల్లారిపోయాడు" అని రాశావు. నువ్వు అంటున్నది 'క్రాస్‌రోడ్స్' గురించే అనుకుంటాను. క్లాప్టన్ ఉన్న ముగ్గురి బృందం క్రీమ్ ఆ పాటని 1968 మార్చి 10న శాన్‌ఫ్రాన్సిస్కో వింటర్‌ల్యాండ్‌లో వాయించింది. అదే ముగ్గురూ 2005 మే నెలలో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో మళ్ళీ కలిసి వాయించారు. రెండూ అధికారిక రికార్డింగులే కాబట్టి పోల్చడానికి అనువుగా ఉంటాయి. ముందు వేగం కొలువు. ఇది పన్నెండు బార్ల బ్లూస్, అంటే పన్నెండు తాళపు ఆవర్తనాలు ఒక చుట్టుగా మళ్ళీ మళ్ళీ తిరుగుతాయి. బారుకు నాలుగు బీట్లు, అంటే ఒక చుట్టుకు 48. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి ఒక చుట్టు ఎన్ని సెకన్లు పడుతోందో చూడు. 2880ని ఆ సెకన్లతో భాగిస్తే నిమిషానికి ఎన్ని బీట్లో వచ్చేస్తుంది. 24 సెకన్లయితే 120, నెమ్మదిగా నడిచే బ్లూస్‌లో 48 సెకన్లయితే 60. మొదటి చుట్టు ఒకసారి, చివరి చుట్టు ఒకసారి కొలువు, ఎందుకంటే వేదిక మీద బృందాలు పోనుపోను వేగం పెంచేస్తాయి.

2005 రూపం నెమ్మదిగా ఉందని నీకే తెలుస్తుంది. ఇప్పుడు ఆ నెమ్మది ఎవరిదో అడుగు. అప్పటికి క్లాప్టన్‌కి 60 ఏళ్ళు. డ్రమ్స్ మీద ఉన్న జింజర్ బేకర్‌కి 65, పైగా కీళ్ళవాతం. బాస్ వాయించే జాక్ బ్రూస్ 2003లో కాలేయ మార్పిడి చేయించుకుని లేచిన మనిషి. ముగ్గురే ఉన్న బృందంలో వేగం గిటారిస్టు ఒక్కడి చేతిలో ఉండదు. సాధనం కూడా మారింది. 1968లో గిబ్సన్ గిటారు, పూర్తిగా పెంచిన మార్షల్ ఆంప్లిఫయర్లు. అలా పెంచినప్పుడు స్వరం చీలి సాగుతూ ఉంటుంది, ఒక బెండ్‌ని (తీగను పక్కకు లాగి పెంచిన స్వరాన్ని) పట్టుకుని నిలబడొచ్చు. 2005లో స్ట్రాటోకాస్టర్ గిటారు, అంతకంటే శుభ్రమైన ధ్వని. స్వరం త్వరగా అణిగిపోతుంది, మధ్యలో ఖాళీ వస్తుంది. నువ్వు చల్లారడం అన్నదాంట్లో ఎంత భాగం ఈ ఖాళీయో, ఎంత భాగం వేళ్ళదో విడదీసి చెప్పగలిగితే నీ వాక్యానికి విలువ వస్తుంది.

అదే 1968 రికార్డింగులో రెండో సోలో దగ్గర కాసేపు ఆగు. అభిమానులు నెత్తిన పెట్టుకునే సోలో అది. క్లాప్టన్ మాత్రం అందులో తాను బీటు తప్పాననీ, బారులో రెండో, నాలుగో బీట్ల మీద పడాల్సినది ఒకటో, మూడో బీట్ల మీద పడిందనీ చెప్పుకున్నాడు. స్నేర్ డ్రమ్ దెబ్బకి చప్పట్లు కొడుతూ విను, గిటారు మాటలు ఎక్కడ మొదలవుతున్నాయో గమనించు. ఆ తడబాటే ఆ సోలోకి ఊపు తెచ్చిందని నువ్వు వాదించవచ్చు, పాడుచేసిందని ఎదుటివాడు వాదించవచ్చు. ఇద్దరూ ఒకే చోట వేలు పెట్టి మాట్లాడుతున్నారు కాబట్టి ఆ వాదనకి నేను ఎంతసేపైనా కూర్చుంటాను.

రికార్డింగు ఎలా తయారైందో తెలియకుండా వాయింపు గురించి తీర్పు చెప్పకు. సౌండ్‌బోర్డు టేపు అంటే మిక్సర్ (మైకుల ధ్వనులన్నీ కలిపే యంత్రం) నుంచి నేరుగా తీసినది. చిన్న క్లబ్బుల్లో గిటారు ఆంప్లిఫయర్ మోత దానంతటదే హాలు నింపేస్తుంది కాబట్టి ఇంజనీరు దాన్ని మిక్సర్‌లో తగ్గిస్తాడు. ఆ టేపులో గాయకుడి గొంతు పెద్దగా, గిటారు ఎక్కడో దూరంగా వినిపిస్తుంది. అది విని ఆ రోజు గిటారిస్టు బెరుకుగా వాయించాడని రాసేవాళ్ళున్నారు. జనంలో కూర్చుని తీసిన టేపులో హాలు ప్రతిధ్వని, బాస్ మోత ఎక్కువ. అలాంటి క్యాసెట్లలో వేగం కూడా తేడా వస్తుంది. టేపు ఆరు శాతం వేగంగా తిరిగితే శ్రుతి అరమెట్టు, అంటే ఒక స్వరస్థానం, పైకి పోతుంది, నాలుగు నిమిషాల పాట 3 నిమిషాల 46 సెకన్లకే అయిపోతుంది. కాబట్టి వేగాన్ని మెచ్చుకునే ముందు పాట కీ (ఆధార శ్రుతి) సరిచూసుకో. స్టీవీ రే వాన్ విషయంలో దీనికి తిరకాసు ఉంది. అతను గిటారును అరమెట్టు కిందికి శ్రుతి చేసుకునేవాడు. మామూలు శ్రుతిలో ఉన్న నీ గిటారుతో కలిపి వాయించి చూసి, కలవలేదని టేపును తప్పు పట్టకు.

అధికారిక లైవ్ ఆల్బమ్ అంటే ఒకే రాత్రి అని కూడా అనుకోకు. డ్యూయన్ వాయించిన ఆల్‌మన్ బ్రదర్స్ బృందం న్యూయార్క్ ఫిల్‌మోర్ ఈస్ట్ ఆల్బమ్ 1971 మార్చిలో వేర్వేరు ప్రదర్శనల నుంచి ఏరి కూర్చినది. 2014లో ఆ ప్రదర్శనలు విడివిడిగా ఒక బాక్స్ సెట్‌గా వచ్చాయి కాబట్టి ఇప్పుడు పక్కపక్కన పెట్టి వినొచ్చు. గిటారిస్టు రోరీ గాలగర్ 1974 ఐర్లండ్ పర్యటన ఆల్బమ్ కూడా బెల్‌ఫాస్ట్, డబ్లిన్, కార్క్ ఊళ్ళ కచేరీల నుంచి వచ్చినదే. ఇంకొక పొరపాటు నీ వ్యాసంలోనే ఉంది. ఫిల్‌మోర్ ఆల్బమ్‌లోని 'ఎలిజబెత్ రీడ్' వాయింపులో మొదటి గిటారు సోలోని డ్యూయన్‌కి కట్టబెట్టావు. అది బృందంలోని రెండో గిటారిస్టు డికీ బెట్స్‌ది. తర్వాత డ్యూయన్ తమ్ముడు గ్రెగ్ ఆర్గన్, ఆ తర్వాతే డ్యూయన్. డికీ బెట్స్‌కి ఈ అన్యాయం ఏళ్ళ తరబడి జరుగుతోంది, నువ్వు దానికి తోడవకు. అదే ఆల్బమ్‌లోని 'విప్పింగ్ పోస్ట్' పాట మీద రాయాలంటే ముందు మొదట్లో వచ్చే బాస్‌కి తాళం వెయ్: మూడు, మూడు, మూడు, రెండు. ఆ పదకొండు చేతికి ఎక్కాక, ఇరవై నిమిషాలు దాటే ఆ వాయింపులో బృందం ఎప్పుడు ఆ లెక్క వదిలి తేలికైన నడకలోకి దిగుతోందో, ఎప్పుడు తిరిగి ఎక్కుతోందో రాసిపెట్టుకో. నీ వ్యాసానికి సగం సరుకు ఆ కాగితం మీదే ఉంటుంది.

బడ్డీ గై గురించి నువ్వు రాసినది నన్ను నిజంగా బాధపెట్టింది. "అన్నీ ఒకే మోతలో వాయిస్తాడు" అన్నావు. నువ్వు చూసినవి ఫోన్ వీడియోలు. ఫోన్ మైకు శబ్దం పెరిగితే తనంతట తానే తగ్గించుకుంటుంది, తగ్గితే పెంచుకుంటుంది. ఆయన కళ అంతా ఆ ఎత్తుపల్లాల్లోనే ఉంది. హాలంతా దద్దరిల్లేలా వాయిస్తూ ఉన్నట్టుండి గిటారు వాల్యూమ్ తిప్పేసి, ముందు వరసలో దగ్గు వినిపించేంత చిన్నగా వాయిస్తాడు. ఆ గుసగుసనీ ఆ గర్జననీ ఫోను ఒకే ఎత్తుకి తెచ్చి పెడుతుంది. నువ్వు తిట్టింది ఫోన్‌ని, ఆయన్ని కాదు. ఆయన మీద అభిమానులకున్న అసలు ఫిర్యాదు వేరే ఉంది: పాట మొదలుపెట్టి మధ్యలో వదిలేసి మరో పాటలోకి వెళ్ళిపోతాడని, ఇతరుల శైలిని అనుకరించి చూపిస్తూ కాలం గడిపేస్తాడని. దాని మీద వాదించు, అందులో పస ఉంది. మనవాళ్ళలో ఆయన్ని ప్రత్యక్షంగా విన్నవాళ్ళు కూడా ఉన్నారు. ముంబై మెహబూబ్ స్టూడియోలో 2011లో మహీంద్రా బ్లూస్ ఫెస్టివల్ మొదలైన ఏడాదే ఆయన అక్కడ వాయించాడు. అలాంటివాళ్ళని అడిగి, ఫోను మింగేసినదేమిటో తెలుసుకుని రాయి.

జనం కేకల్ని సాక్ష్యంగా తీసుకోవడం కూడా ప్రమాదమే. స్టీవీ రే వాన్ 1982 జూలై 17న స్విట్జర్లాండ్‌లోని మాంట్రూలో వాయించినప్పుడు కొందరు గోల చేశారు. అప్పటికి అతనికి ఒక్క ఆల్బమ్ కూడా రాలేదు. అదే వాయింపు విన్న గాయకుడు డేవిడ్ బోవీ అతన్ని తన ఆల్బమ్‌కి పిలిచాడు, మరో గాయకుడు జాక్సన్ బ్రౌన్ తన స్టూడియో ఇచ్చాడు. 1985లో అదే మాంట్రూలో జేజేలు కొట్టారు. రెండు రాత్రులూ రికార్డుల్లో ఉన్నాయి. జనం శబ్దం పక్కన పెట్టి రెండింటినీ విని, అప్పుడు చెప్పు.

బెండ్ గురించి రాసేటప్పుడు ఎంత లాగాడో రాయి. మన వీణలో తీగను పక్కకు లాగి స్వరం పెంచడం విన్న చెవికి ఇది కష్టం కాదు. అరమెట్టా, పూర్తి మెట్టా, లేక ఎ కీలో సి స్వరాన్ని సి షార్ప్ చేరనివ్వకుండా దారిలో ఆపిన ఆ బ్లూస్ వాటమా? వైబ్రాటో (స్వరాన్ని ఊపడం) అయితే ఎంత వెడల్పు, ఎంత వేగం అన్నవి చూడు. బీబీ కింగ్ చూపుడు వేలిని తీగ మీద ఇరుసులా నిలిపి చేయి మొత్తం ఊపేవాడు. 1964 నవంబరు 21న చికాగో రీగల్ థియేటర్‌లో రికార్డు చేసిన ఆల్బమ్‌లో పాడుతున్నంతసేపూ గిటారు ఆగుతుంది, గొంతు ఆగగానే గిటారు బదులిస్తుంది. ఆ ప్రశ్న-జవాబు లెక్క రాయకుండా ఆయన స్వరాలు తక్కువ అని రాస్తే సగమే విన్నట్టు. జెఫ్ బెక్ విషయంలో కుడిచేయి చూడు. 2007లో లండన్ రోనీ స్కాట్స్ క్లబ్బులో తీసిన వీడియో ఉంది. పిక్ (మీటే బిళ్ళ) లేకుండా వేళ్ళతో మీటుతూ, చిటికెన వేలితో వాల్యూమ్ నాబ్ తిప్పుతూ, తీగల బిగువు మార్చే ట్రెమొలో బార్‌ని అరచేతిలో ఉంచుకుని స్వరం వంచుతాడు. ఇది పెడల్ మాయ అని రాశావు, కొట్టెయ్. అలాగే గిటారిస్టు పీటర్ గ్రీన్ వాడిన లెస్ పాల్ గిటారులో ఆ ముక్కుతో పలికినట్టుండే ధ్వనికి కారణం ఒక పికప్‌లో (తీగ కంపనాన్ని పట్టే భాగంలో) అయస్కాంతం తిరగబడి ఉండటం. రెండు పికప్‌లూ కలిపి పెట్టినప్పుడే అది వినిపిస్తుంది, పాటంతా ఉండదు. గిటారిస్టు డెరెక్ ట్రక్స్ స్లైడ్‌లో (తీగల మీద గొట్టం జార్చే వాయింపులో) మన సంగీతం వాసన ఉందన్న నీ మాట మాత్రం ఉంచు. అతను కాలిఫోర్నియాలోని అలీ అక్బర్ ఖాన్ కళాశాలలో సరోద్ సంగీతం చెవికెక్కించుకున్నవాడు. ఆ ఒక్క వాక్యం చేరిస్తే నీ మాటకి ఆధారం దొరుకుతుంది.

వయసు విషయంలో జాగ్రత్త. క్లాప్టన్ తన నరాల జబ్బు గురించి 2016లో తానే చెప్పాడు కాబట్టి ఆ తర్వాతి కచేరీల గురించి రాసేటప్పుడు దాన్ని ప్రస్తావించవచ్చు. ఎవరూ చెప్పని జబ్బుల్ని వేళ్ళు చూసి నువ్వు కనిపెట్టకు. విన్నది రాయి: కీ తగ్గించారా, వేగం తగ్గిందా, సోలోలో చుట్టులు తగ్గాయా, బెండ్ శ్రుతి దాకా చేరుతోందా. స్వరాలు తగ్గినా శ్రుతీ బీటూ నిలిచి ఉంటే అది ఒక సంగతి, బెండ్ శ్రుతి చేరక ముందే జారిపోతుంటే ఇంకొక సంగతి. బీబీ కింగ్ 2014 ఏప్రిల్‌లో సెయింట్ లూయిస్‌లో 88 ఏళ్ళ వయసులో చేసిన కచేరీ బాగా సాగలేదు, జనంలో అసహనం కూడా వచ్చింది. దాన్ని దాచనక్కర్లేదు, దానితో ఆయన్ని కొలవనూ అక్కర్లేదు. తేదీ వేసి, ఆ రాత్రి అని రాయి.

నువ్వే కచేరీకి వెళ్ళి రాసే రోజు వస్తే, కుదిరినంతవరకు మిక్సర్ దగ్గర నిలబడు. గిటారు ఆంప్లిఫయర్ పదునంతా సూటిగా ముందుకే వస్తుంది. దానికి ఎదురుగా ఉంటే చెవిలో గుచ్చుతుంది, పక్కకి జరిగితే మొద్దుబారుతుంది. ఎక్కడ నిలబడ్డావో వ్యాసంలో చెప్పు. చెవికి ప్లగ్గులు తప్పనిసరి. 100 డెసిబెల్స్ మోతలో పావుగంట దాటడం మంచిది కాదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ చెబుతుంది, రాక్ కచేరీ అంతకు తక్కువ ఉండటం అరుదు. పైగా గంట గడిచేసరికి చెవి తాత్కాలికంగా మందగిస్తుంది, చివరి పాటల్లో గిటారు ధ్వని మసకబారిందనిపించడం నీ చెవి తప్పే కావచ్చు. పాట పేరు, మొదలైన సమయం, ఏ గిటారు, సోలో ఎన్ని చుట్టులు అన్నవి చిన్న పుస్తకంలో రాసుకో. పడుకునే ముందే సాపు చెయ్, పొద్దునకి సోలోలన్నీ కలిసిపోతాయి.

'విరగదీశాడు', 'దుమ్ము దులిపేశాడు', 'పూనకాలు తెప్పించాడు' అన్నవి నీ ప్రతిలో పేజీకి రెండు చొప్పున ఉన్నాయి. ఒక్కొక్కదాన్ని కొట్టేసి, అక్కడ ఎన్నో చుట్టులో ఏ తీగ మీద ఏం చేశాడో రాయి. రాయలేకపోతే ఆ పాట మళ్ళీ విను: ఒకసారి బృందమంతా, ఒకసారి బాస్, డ్రమ్స్ మాత్రమే, ఆఖరున గిటారు. ఎదుటివాడి అభిమాన గిటారిస్టుని విమర్శించేటప్పుడు అతని పేలవమైన రాత్రిని ఎంచుకోకు. వాళ్ళు గొప్పదని చెప్పుకునే రికార్డింగునే తీసుకుని, అందులో నీకు నచ్చింది ముందు చెప్పి, నచ్చనిది తర్వాత చెప్పు.

ఇప్పుడు చేయాల్సింది ఇది. వ్యాసంలో ఇద్దరిని ఉంచి మిగతావాళ్ళని తీసెయ్. నా సలహా బడ్డీ గై, క్లాప్టన్‌లనే ఉంచమని, ఎందుకంటే మోతనీ నిశ్శబ్దాన్నీ ఇద్దరూ వాడే తీరులో చెప్పుకోవలసినంత తేడా ఉంది. ఒక్కొక్కరికి ఒక రాత్రి, ఒక నెమ్మది బ్లూస్. ఫోన్ వీడియో వద్దు, అధికారిక రికార్డింగే కావాలి. చుట్టుల లెక్క, వేగం కాగితం మీద వేసుకుని, ఆ కాగితాన్ని కూడా కొత్త ప్రతితో జత చేసి పంపు. ముందు కాగితం చూస్తాను, తర్వాత వ్యాసం.

ఆశీస్సులతో,
అన్నయ్య