ఎర్రనీళ్ళ పళ్ళెం

మాస్టారికి,
నమస్కారం.

బడి పిల్లల కోసం ఆమ్లాలు, క్షారాల మీద మీరు రాసిన వ్యాసం మొన్న అందింది. భాష బాగుంది, ఆ మాట ఇంతటితో వదిలేస్తాను. మూడో పేజీలో "పసుపు నీళ్ళలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే ఎర్రబడుతుంది" అన్న వాక్యం దగ్గర కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను. ఎర్రబడదు, మాస్టారూ. నిమ్మరసం ఆమ్లం, పసుపుకు ఆమ్లంతో పేచీ లేదు. సున్నపు తేటో, సబ్బు నీళ్ళో, చాకలి సోడానో తగిలినప్పుడే దాని రంగు మారుతుంది. ఈ ప్రయోగం మీరు చెయ్యకుండానే రాశారని ఆ ఒక్క వాక్యం బయటపెట్టింది.

కోపం కంటే బాధే ఎక్కువైంది. ఎందుకంటే దానికి ముందు పేజీలోనే, మీ నాయనమ్మగారు పళ్ళెంలో పసుపు నీళ్ళు పోసి, వేలి కొసన ఇంత సున్నం కలిపి మీకు దిష్టి తీసేవారని రాశారు. కుంకుమ చిటికెడైనా వెయ్యకుండా ఎర్రనీళ్ళు ఎలా తయారయ్యాయో ఆ పళ్ళెం చెబుతూనే ఉంది. మీరేమో దాన్ని బాల్య జ్ఞాపకంగా నాలుగు వాక్యాల్లో ముగించి నిర్వచనాల్లోకి దూకేశారు. ఆ ఎర్రనీళ్ళలో నిమ్మచెక్క పిండుతూ పోతే ఎరుపు విరిగి మళ్ళీ పసుపు తేలుతుంది. ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి విరిచేసే తటస్థీకరణం అన్న మాట పిల్లలకు చెప్పవలసింది అప్పుడు, అంతకు ముందు కాదు.

చేతికి మరక అంటకుండా, రంగు మారి ఆమ్లమో క్షారమో చెప్పే సూచికల గురించి రాయకూడదన్నది నా మొండిపట్టు. అది సిగ్గుపడి నేర్చుకున్నది. రాయడం మొదలుపెట్టిన కొత్తలో ఒక పిల్లల పత్రికకు మందారం గురించి రాస్తూ, సున్నపు తేటలో ఆ పూల రసం నీలంగా మారుతుందని ధీమాగా రాసేశాను. నెల తిరక్కుండా ఒక అమ్మాయి పోస్టుకార్డు రాసింది: "మా ఇంట్లో ఆకుపచ్చగా మారిందండీ, మా మందారం మంచిది కాదా?" తప్పు తన పెరటి చెట్టుదేననుకుంది, పాపం. ఆ రాత్రే పూలు కోసుకొచ్చి వేడినీళ్ళలో నానబెట్టి చూశాను: నిమ్మరసంలో ముదురు గులాబీ, సున్నపు తేటలో ఆకుపచ్చ. తప్పు ఒప్పుకుంటూ సవరణ వ్యాసం పంపితే, సంపాదకులవారు పూల సంగతంతా కత్తిరించి, ఆ ఖాళీలో ఆమ్ల, క్షార గుణాన్ని సున్న నుంచి 14 దాకా అంకెల్లో చూపే ఇంద్రధనుస్సు రంగుల పీహెచ్ పట్టిక అచ్చువేశారు. ఆయన మీద ఆ కోపం నాకింకా తగ్గలేదు.

మీ మొదటి పేజీలోనూ ఆ పట్టికే కనిపించింది. రాబర్ట్ బాయిల్ అనే ఆయన 1664లో రంగుల మీద వేసిన పుస్తకంలో, వయొలెట్ పూల పానకం ఆమ్లంతో ఎర్రబడుతుందనీ క్షారంతో ఆకుపచ్చగా మారుతుందనీ రాశారు. పీహెచ్ అన్న కొలత వచ్చింది 1909లో. కోపెన్‌హాగెన్‌లో ఒక బీరు కంపెనీ నడిపిన కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ దాన్ని ప్రవేశపెట్టారు. రంగు చూసిన మనిషి అంకె దాకా రావడానికి 245 ఏళ్ళు పడితే, మీరు పిల్లవాడికి రెండు నిమిషాలు కూడా ఇవ్వలేదు. పైగా పీహెచ్ 3 ఉన్న ద్రావణం 6 ఉన్నదానికి రెట్టింపు ఆమ్లమని రాశారు. అంకె ఒక్కో మెట్టు దిగితే ఆమ్లత పది రెట్లు పెరుగుతుంది, మాస్టారూ. మూడు మెట్లకు వెయ్యి.

అంకెలకు ముందు పసుపు లోపాన్ని చూపించండి. చక్కెర నీళ్ళలోనూ, చింతపండు పులుసులోనూ అది ఒకేలా ఉంటుంది. అంటే క్షారాన్ని పట్టిస్తుందే గాని ఆమ్లాన్ని పట్టించలేదు. "మరి పులుపును కనిపెట్టేదేది?" అని పిల్లవాడే అడగాలి. మందారానికి, రాళ్ళ మీదా చెట్ల మీదా పెరిగే లైకెన్ల నుంచి తీసే లిట్మస్ అనే రంగుకు అప్పుడు దారి దొరుకుతుంది. అన్నట్టు, "రుచి చూసి తెలుసుకోండి" అన్న వాక్యం తప్పకుండా కొట్టెయ్యండి.

ఏ పత్రికకు పంపాలని అడిగారు. దాని సంగతి తర్వాత చూద్దాం. రాతప్రతి దీనితోనే తిప్పి పంపుతున్నాను. మూడో పేజీ అంచున కనబడే మరక నా పనే: పసుపు నీళ్ళు రాసి, పైన నిమ్మరసం పిండాను. రాత్రంతా ఆరింది, ఇంకా పచ్చగానే ఉంది.