పీపీహెచ్ మీద థీసిస్ మొదలుపెట్టే ముందు

డాక్టరమ్మకి ఆశీస్సులు.

కాన్పు తర్వాత రక్తస్రావం (పీపీహెచ్) మీద థీసిస్ తీసుకున్నానని రాశావు. మంచి విషయమే, కాకపోతే ప్రశ్న చిన్నది చేసుకో. కొత్త పద్ధతి పెడితే నూటికి నాలుగున్న తీవ్ర కేసులు రెండుకి దిగాయని తేల్చాలన్నా ఒక్కో గుంపులో దాదాపు 1,140 మంది తల్లులు కావాలి. పీజీ చదువుతూ ఒక్కదానివే చేయగలిగే పని కాదది. అదే ‘పోయిన రక్తం విషయంలో కంటి అంచనాకీ కొలతకీ తేడా ఎంత’ అని అడిగితే రెండొందల కాన్పులతో పనికొచ్చే జవాబు వస్తుంది.

పాత ప్రశ్న కదా అని చిన్నచూపు వద్దు. పక్కనే బెళగావిలో గీతలున్న ప్లాస్టిక్ డ్రేప్ (తల్లి నడుం కింద పరిచే షీటు, కారే రక్తం దాని సంచిలో చేరుతుంది) తయారుచేసి, పల్లెల్లో జరిగిన మిసోప్రోస్టాల్ (పీపీహెచ్ రాకుండా ఇచ్చే మాత్ర) పరిశోధనలో వాడారు. 600 మైక్రోగ్రాముల మాత్రతో పీపీహెచ్ 12 శాతం నుంచి 6.4 శాతానికి తగ్గిందని 2006లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. కంటి అంచనాల మీద ఆధారపడితే అలాంటి తేడాని నమ్మేదెవరు?

ఇక కొలత. నీ థీసిస్ ప్రాణమంతా ఇక్కడే ఉంది. డ్రేప్ ఎప్పుడు పరిచారన్నదే అన్నిటికన్నా ముఖ్యం. బిడ్డ బయటికొచ్చి, ఉమ్మనీరు కారిపోయి, తడిసిన గుడ్డలు తీసేశాక పరచాలి. ముందే పరిస్తే అరలీటరు ఉమ్మనీరు కూడా రక్తం ఖాతాలో పడుతుంది. తప్పనిసరై ముందే పరిచారా, బిడ్డ పుట్టిన క్షణంలో ఎంతుందో రాసుకుని తర్వాత తీసెయ్యి. మూత్రాశయం ఖాళీగా ఉందో లేదో చూడు, మూత్రం సంచిలో పడకూడదు. కుట్లు వేసేటప్పుడు కడిగిన నీళ్లూ బెటాడినూ అందులోకే వెళ్తుంటాయి. ఈ సంగతి ఎవరూ రాయరు, నువ్వు ఆయాకి కూడా చెప్పి ఉంచు. సంచి బల్ల అంచు కిందికి వేలాడాలి. నడుం కింద రక్తం నిలిచిపోతే సంచిలో 200 మి.లీ. కనిపిస్తుంది, అసలు 350 ఉంటుంది.

గాజుగుడ్డలు, ప్యాడ్లు పీల్చిన రక్తాన్ని తూచే కనుక్కోవాలి. ప్రతి సైజులో పది పొడివి తూచి సగటు రాసి గోడకి అంటించు, కొత్త బ్యాచ్ రాగానే మళ్లీ తూచు. తడి బరువులోంచి పొడి బరువు తీసేస్తే వచ్చే గ్రాములే దాదాపు మిల్లీలీటర్లు. రక్తం నీటికన్నా కొంచెం బరువు కాబట్టి 1.06తో భాగించేవాళ్లూ ఉన్నారు. ఏదో ఒకటి మొదట్లోనే తేల్చుకో, మధ్యలో మార్చకు.

అంచనా రాసే మనిషికి డ్రేప్ గీతలు కనబడితే థీసిస్ అక్కడే చచ్చింది. గీతల్లేని డ్రేప్ వాడి, అంచనా చీటీ మీద రాయించి కవర్లో వేశాక మాత్రమే తూకం వెయ్యి. లెక్కలు వచ్చాక 450లు గుట్టగా కనిపించి 500 దాటినవి పలచబడితే అది తల్లుల శరీరధర్మం కాదమ్మా, 500 మి.లీ. దాటితే పీపీహెచ్ అని రాయాలి, అలా రాస్తే సంజాయిషీ అడుగుతారన్న భయం. విశ్లేషణలో సహసంబంధ గుణకం (రెండు అంకెలు ఎంతవరకు కలిసి పెరుగుతాయో చెప్పేది) చూపించి మురిసిపోకు. అంచనాలన్నీ సగానికి సగం తక్కువున్నా అది 0.9 వస్తుంది. బ్లాండ్-ఆల్ట్‌మన్ గ్రాఫ్ (రెండు కొలతల తేడాని వాటి సగటుకి ఎదురుగా చూపేది) వెయ్యి. రక్తం పెరిగేకొద్దీ అంచనా ఎంత వెనకబడుతుందో అందులో కనిపిస్తుంది.

నువ్వు డ్యూటీలో ఉన్న కాన్పులే తీసుకోకు. రాత్రి రెండింటికి, ఒక్క నర్సు మూడు బల్లలు చూస్తున్నప్పుడు ఏం జరుగుతుందో అదే అసలు సమాచారం. వరసగా అన్ని కాన్పులూ రిజిస్టర్లో ఎక్కించి, వదిలేసినవాటికి కారణం రాయి.

కొలిచి ఊరుకుంటే తల్లికి ఒరిగేదేమీ లేదు. ఐరోపాలో 13 దేశాల్లో సంచి మాత్రమే ఇచ్చి చూశారు, తీవ్ర రక్తస్రావం తగ్గలేదు. 2023లో వచ్చిన ఈ-మోటివ్ పరిశోధనలో కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆసుపత్రుల్లో గీతల డ్రేప్‌తో పాటు చికిత్స కూడా ఒకేసారి మొదలుపెట్టారు: గర్భసంచి మర్దన, గర్భసంచి ముడుచుకోవడానికి ఆక్సిటోసిన్, రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, చిరుగుల కోసం పరీక్ష. తీవ్ర రక్తస్రావం, దానికోసం పొట్ట కోయడం, దానివల్ల మరణం, ఈ మూడూ కలిపి 4.3 శాతం నుంచి 1.6కి దిగాయి.

అందుకే నీ ప్రోటోకాల్లో ఈ వాక్యం ఉండాలి: అంచనాలోనైనా కొలతలోనైనా 500 మి.లీ. దాటినా, 300 దాటి నాడి, బీపీ తేడాగా ఉన్నా, కవర్లూ చీటీలూ పక్కనపెట్టి చికిత్స. ట్రానెక్సామిక్ ఒక గ్రాము, పది నిమిషాల్లో నెమ్మదిగా, కాన్పైన మూడు గంటల్లోపే. ఆ ఆంప్యూళ్లని మత్తుమందు ట్రేలో ఉండనివ్వకు. పొరపాటున వెన్నులోకి ఎక్కించి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

సమ్మతి నొప్పుల్లో అడగకు. ఎనిమిదో నెల చెకప్‌లో తెలుగు పత్రం చదివి వినిపించి తీసుకో. సంతకం రానివాళ్లకి బయటి సాక్షి ఉండాలి. సీటీఆర్‌ఐలో (మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో) నమోదు చేస్తే మొదటి తల్లిని చేర్చుకోకముందే చెయ్యి, 2018 ఏప్రిల్ నుంచి ఆలస్యంగా వస్తే తీసుకోవడం లేదు.

ఎథిక్స్ కమిటీకి ఇచ్చేముందు నీ డేటా షీటు పంపు. బిడ్డ పుట్టిన సమయం, ఆక్సిటోసిన్ ఇచ్చిన సమయం, మాయ పడిన సమయం విడివిడి గడుల్లో ఉండాలి.