నమ్‌పై నుంచి పైటార్చ్‌కి: ఇంటర్న్‌షిప్‌లో ఇచ్చిన మార్పిడి పని

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ చివరి ఏడాది చదువుతున్నాను. ఇంటర్న్‌షిప్‌లో నమ్‌పైలో (సంఖ్యల లెక్కలకి వాడే పైథాన్ లైబ్రరీ) రాసిన పాత కోడ్‌ని పైటార్చ్‌లోకి (ఏఐ మోడళ్లు తయారుచేయడానికి వాడే లైబ్రరీ) మార్చమన్నారు. నా స్నేహితులేమో మోడళ్లు ట్రెయిన్ చేస్తున్నారు. ఒక ఫంక్షన్ పేరు తీసి ఇంకో పేరు పెట్టడం, అంతే నా పని. అది ఏఐ కూడా చేసేస్తుంది. మూడు నెలలు దీనిమీదే గడిపితే రెజ్యూమెలో రాసుకోవడానికి ఏం మిగులుతుంది? వేరే ప్రాజెక్ట్ అడగమంటారా?

జవాబు: ఇప్పుడే అడగకండి. నిజంగా పేర్లు మార్చడమే అయితే మీ బాధలో న్యాయం ఉండేది. కానీ ఈ రెండు లైబ్రరీల్లో పేరు ఒకటే, చేసే పని వేరు అనే ఫంక్షన్లున్నాయి. చిక్కంతా అక్కడే.

‘రిపీట్’ సంగతే చూడండి. 1, 2, 3 ఉన్న అర్రేని (సంఖ్యల వరసని) నమ్‌పైలో రెండుసార్లు రిపీట్ చేయమంటే 1, 1, 2, 2, 3, 3 వస్తుంది. పైటార్చ్‌లో టెన్సర్‌కి (అక్కడ అర్రే లాంటిది) అదే మాట చెబితే 1, 2, 3, 1, 2, 3 వస్తుంది. అది నమ్‌పైలో ‘టైల్’ చేసే పని. మీకు కావాల్సింది ‘రిపీట్ ఇంటర్‌లీవ్’. రెండింట్లోనూ ఆరు సంఖ్యలే కాబట్టి షేప్ (అర్రే కొలతలు) సరిపోతుంది, ఎర్రర్ రాదు. మీరు రిపీట్ చేసేవి లేబుళ్లయితే (మోడల్‌కి నేర్పే సరైన జవాబులు) మాత్రం ఒకదానివి ఇంకోదానికి అంటుకుంటాయి. ట్రెయినింగ్ సాగుతూనే ఉంటుంది, యాక్యురసీ పెరగదు. పాపం, తిట్లు మోడల్‌కి పడతాయి.

స్టాండర్డ్ డీవియేషన్ (సంఖ్యలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) కూడా అంతే. 1, 2, 3, 4 ఇస్తే నమ్‌పై 1.118 అంటుంది, పైటార్చ్ 1.291 అంటుంది. ఏదీ తప్పు కాదు. మీరేమీ చెప్పకపోతే మొదటిది ఎన్‌తో (సంఖ్యలు ఎన్ని ఉన్నాయో దానితో) భాగిస్తుంది, రెండోది ఎన్ మైనస్ 1తో. పది లక్షల సంఖ్యల మీద ఈ తేడా కంటికి ఆనదు, నాలుగింటి మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే టెస్టులు చిన్న అర్రేలతో రాయండి, కాగితం మీద లెక్కకట్టి సరిచూసుకునేంత చిన్నవాటితో.

దశాంశాల దగ్గర ఇంకో గొడవ ఉంది. నమ్‌పై మామూలుగా 64 బిట్ ఫ్లోట్ వాడుతుంది, పైటార్చ్ 32 బిట్. ఒకదాంట్లో 15, 16 అంకెలు నమ్మొచ్చు, రెండోదాంట్లో సుమారు 7. కాబట్టి జవాబులు అచ్చుగుద్దినట్టు రావు. ‘ఆల్‌క్లోజ్’తో కాస్త తేడాని ఒప్పుకుని పోల్చుకోవాలి. టెస్ట్ పాసయ్యేదాకా ఆ టాలరెన్స్‌ని వదులు చేసుకుంటూ పోవడం చాలామంది తొక్కే దొంగదారి. మీరు రెండువైపులా 64 బిట్ పెట్టి చూడండి. అప్పటికీ గణనీయమైన తేడా మిగిలితే నెపం దశాంశాల మీద వేయకండి, కోడ్‌లో వెతకండి.

అర్రేని మైనస్ స్టెప్‌తో (చివరి నుంచి మొదటికి) తిరగేయడం పైటార్చ్‌లో కుదరక ‘ఫ్లిప్’ వాడటం లాంటివి ఏఐకి వదిలేయొచ్చు. పొరబడితే ఎర్రరే చెబుతుంది. ఏఐ మిగతావీ చాలాసార్లు సరిగ్గానే మారుస్తుంది. సరిగ్గా లేనిది ఏదో పట్టుకోవాల్సింది మీ టెస్టులే.

ఈ మార్పిడి ఎందుకు చేయిస్తున్నారో మీ మెంటర్‌ని అడిగారా? జీపీయూ (లెక్కలు వేగంగా చేసే చిప్) కోసమా, గ్రేడియెంట్ల (ట్రెయినింగ్‌లో మోడల్‌ని ఎటు సరిదిద్దాలో చెప్పే లెక్కలు) కోసమా? గ్రేడియెంట్ల కోసమైతే, మధ్యలో టెన్సర్‌ని నమ్‌పైలోకి మార్చబోతే ఎర్రర్ వచ్చి ‘డిటాచ్’ వాడమంటుంది. ఆ మాట వింటే ఎర్రర్ పోతుంది, దాంతోపాటే ఆ దారిన వెళ్లే గ్రేడియెంటూ తెగిపోతుంది. మోడళ్లు ట్రెయిన్ చేసే మీ స్నేహితుల్లో ఎందరికి ఈ సంగతి తెలుసో అడిగి చూడండి.

రెజ్యూమె విషయానికొస్తే, ఈరోజు నుంచే ఒక పట్టిక పెట్టుకోండి: ఫంక్షన్, పాత జవాబు, కొత్త జవాబు, తేడాకి కారణం. ‘నమ్‌పై కోడ్‌ని పైటార్చ్‌లోకి మార్చాను’ అని రాస్తే ఎవరూ ఆగి చదవరు. ఎన్ని ఫంక్షన్లు మార్చారు, ఎన్ని టెస్టులు రాశారు, ఎర్రర్ రాకుండా దాక్కున్న తేడాలు ఎన్ని పట్టారు, ఇవి రాయండి. వేగం పెరిగిందని మాత్రం కొలిచి చూశాకే రాయండి, ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దానిమీదే పడుతుంది.

కొత్త పని అడగాలంటే రెండో నెలాఖరులో అడగండి. అప్పుడు కూడా వేరే ప్రాజెక్ట్ వద్దు. మీరు మార్చిన కోడ్ మీద మొదటి ట్రెయినింగ్ రన్ మీకే ఇవ్వమని అడగండి, వెళ్లేటప్పుడు ఆ పట్టిక చేతిలో ఉంచుకోండి.