రూపాయలు కాదు, రోజులు లెక్కపెట్టు

తమ్ముడూ,

పొగాకు కంపెనీల ఒత్తిడి మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది. మూడో పేజీలో మాత్రం ఒళ్లు మండింది. "పొగాకు లాబీ కోట్లు కుమ్మరించి చట్టాన్ని నీరుగార్చింది" అన్నావు. ఎన్ని కోట్లు? ఏ నిబంధన ఎంత నీరైంది? మన దేశంలో లాబీయింగుకు, అంటే చట్టాలు చేసేవాళ్ల మీద ఒత్తిడి తెచ్చే పనికి, నమోదు చట్టమే లేదు. ఐరోపా సమాఖ్య కేంద్రం బ్రస్సెల్స్‌లోలాగా తిరగేసి చూసే రిజిస్టరూ లేదు. ఆ కోట్లు నీ చేతికి చిక్కవు. చిక్కేవి మారిన మాటలు, జరిగిపోయిన తేదీలు.

మాటలు మారిన కేసు ఐరోపాది. 2012 డిసెంబరులో యూరోపియన్ కమిషన్ ముసాయిదా సిగరెట్ పెట్టె మీద 75 శాతం మేర ఆరోగ్య హెచ్చరిక అడిగింది. 2014లో ఖాయమైంది 65. సన్న సిగరెట్ల నిషేధం ఎగిరిపోయింది. మెంథాల్ నిషేధం బతికింది గానీ అమలు 2020 మే దాకా వెళ్లింది. ఇలాంటిచోట వర్డ్‌స్కోర్స్ పనికొస్తుంది: మాటల వాడకాన్ని లెక్కగట్టి ఒక పాఠం ఎటు మొగ్గిందో చెప్పే పద్ధతి అది. కంపెనీల వినతిపత్రాలకు మైనస్ 1, ఆరోగ్య సంఘాల వాటికి ప్లస్ 1 ఇవ్వు. ఏ మాట ఎటువైపు ఎక్కువ వాడారో దాన్నిబట్టి ఆ మాటకు మార్కు పడుతుంది. ఆ మార్కులతో ముసాయిదాకూ తుది పాఠానికీ సగటు కట్టు. రెండువైపులా వాడే మామూలు మాటలు ప్రతి సగటునూ నడిమికి లాగుతాయి. అందుకే ముసాయిదాను తుది పాఠంతోనే పోల్చు, వినతిపత్రాలతో నేరుగా పోల్చకు. ఒక పేజీ ఉత్తరాన్ని కొలబద్దగా పెట్టుకుంటే అంకె ఊగిపోతుంది. తెలుగు అనువాదాల మీద అసలు చేయకు: పొగాకు, పొగాకును, పొగాకుపై అన్నవి యంత్రానికి మూడు వేర్వేరు మాటలు.

ఇదే కొలబద్ద మన దగ్గర పెడితే సున్నా చూపిస్తుంది. 2014 అక్టోబరు 15న ఆరోగ్య శాఖ ఇచ్చిన నోటిఫికేషన్‌లో పెట్టెకు రెండువైపులా 85 శాతం: బొమ్మ 60, రాత 25. అంతకుముందు ముందువైపు 40 మాత్రమే. చివరికి అమలైందీ 85 శాతమే. మరి ఒత్తిడి పనిచేయలేదా? తేదీలు చూడు. 2015 ఏప్రిల్ 1న మొదలవ్వాలి. ప్రభుత్వం చేసే నిబంధనలను పరిశీలించే పార్లమెంటు సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీ ఆపమంది, మార్చి 26న వాయిదా పడింది. అమలైంది 2016 ఏప్రిల్ 1న. అంటే 366 రోజులు. ఈలోగా అదే కమిటీ సిగరెట్లకు 50 శాతం చాలంది. 2017 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు నిబంధనను కొట్టేసింది, 2018 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది. ఇవన్నీ ఒక పట్టికలో పెట్టు: తేదీ, అడిగిందెవరు, ఆపిందెవరు, పోయిన రోజులు. పట్టిక పెడితే పేజీ చచ్చిపోతుందంటారు మన సంపాదకులు. శీర్షికలో "కోట్లు" ఉంటే మాత్రం ప్రూఫు చూడకుండా ఎక్కిస్తారు.

అయితే ఆ 366 రోజులూ కంపెనీల ఖాతాలోనే రాయకు. ఆ కమిటీలో బీడీ వ్యాపారమున్న ఎంపీ ఒకరున్నారు, ఒత్తిడి వచ్చిన దారి అదొకటి కావచ్చు. కమిటీ సభ్యుల వృత్తి, ఆస్తులు ఎన్నికల అఫిడవిట్లలో దొరుకుతాయి. మన గుంటూరులోని పొగాకు బోర్డు వాణిజ్య శాఖ కింద ఉంటుంది, హెచ్చరిక వేయించేది ఆరోగ్య శాఖ. ప్రభుత్వమే రెండు గొంతులతో మాట్లాడుతోందన్నమాట. ప్రకాశంలో బ్యారన్ (పొగాకు ఆరబెట్టే కొట్టం) ఉన్న రైతు భయం అతని సొంతం కావచ్చు. రైతుల పేరిట వచ్చిన వినతిలోనూ కంపెనీ వినతిలోనూ ఒకే పేరా, ఒకే అచ్చుతప్పుతో కనిపిస్తే అప్పుడు అనుమానించు.

ఆ వినతులు తెప్పించుకోవడానికి సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు. "లాబీయింగ్ వివరాలివ్వండి" అని రాస్తే "అలాంటి సమాచారం లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఈ నోటిఫికేషన్‌పై అందిన వినతుల నకళ్లు, వాటిపై నోట్‌షీట్లు (అధికారులు ఫైల్లో రాసుకున్న అభిప్రాయాలు) అని అడుగు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయి. గడువు దాటించుకోకు.

పుస్తకంగా వేయాలా వద్దా అని అడిగావు, ఆ సంగతి తర్వాత. ముందు మూడో పేజీ చింపేసి, పట్టికతో మళ్లీ పంపు.