కణాన్ని కంప్యూటర్‌లో నడపాలంటే కెమిస్ట్రీ వదిలేయాలా?

ప్రశ్న: ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. జీవకణాలను కంప్యూటర్‌లో సిమ్యులేట్ చేసే పరిశోధన వైపు వెళ్లాలని ఉంది. బయాలజీ ఎప్పుడో వదిలేశాను, కోడింగ్ అంతంతమాత్రం. మళ్లీ కంప్యూటర్ సైన్స్ డిగ్రీ చేయాలా?

జవాబు: అక్కర్లేదు. కణంలో ఏ చర్య ఎంత వేగంగా జరుగుతుందో, దేనికెంత శక్తి కావాలో తెలిసినవాళ్లే మోడల్ దారి తప్పితే పట్టుకోగలరు. ఇలినాయ్ యూనివర్సిటీలో బతకడానికి కావలసినంత వరకే, అంటే 493 జన్యువులే ఉంచిన కనీస కణానికి మోడల్ కట్టి, 2022లో ప్రచురించిన బృందాన్ని నడిపిన జైడా లూథే-షుల్టెన్ కెమిస్ట్రీ ప్రొఫెసరే.

ముందు ఏ స్థాయిలో పనిచేస్తారో తేల్చుకోండి. పరమాణువుల స్థాయిలో సిమ్యులేషన్‌లో ఒక్కో అడుగు సుమారు 2 ఫెమ్టోసెకన్లు (సెకనును వెయ్యి లక్షల కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం ఒక ఫెమ్టోసెకను). ఒక్క మైక్రోసెకను నడపాలన్నా 50 కోట్ల అడుగులు పడతాయి. గంటకు పైగా సాగే కణ జీవితాన్ని అలా లెక్కించడం కుదరదు కాబట్టి, అక్కడ చర్యల రేట్లతో పని నడుస్తుంది. మొదటిదానికి గ్రోమాక్స్, ఎన్ఏఎండీ. రెండోదానికి లాటిస్ మైక్రోబ్స్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి.

మీకు ఏది నచ్చుతుందో తెలియాలంటే ఒక చిన్న పని చేసి చూడండి. ఒక జన్యువు నుంచి ఎంఆర్ఎన్ఏ (ప్రోటీన్ తయారీకి పనికొచ్చే జన్యువు నకలు) నిమిషానికి సగటున 1 తయారవుతుంది, ఒక్కొక్కటి సగటున 2 నిమిషాలు ఉండి నశిస్తుంది అనుకోండి. మీరు చదివిన కైనెటిక్స్ సమీకరణం ఎప్పుడూ 2 ఉంటాయంటుంది. నిజానికి ఒకసారి ఏమీ ఉండదు, ఇంకోసారి 5 ఉంటాయి. ఈ ఊగిసలాటను గిలెస్పీ పద్ధతిలో (తర్వాత ఏ చర్య, ఎప్పుడు జరగాలో రేట్లను బట్టి యాదృచ్ఛికంగా ఎంచుకుంటూ పోవడం) పైథాన్‌లో రాయండి, పట్టుమని యాభై లైన్లు కూడా ఉండదు. ఏ సంఖ్య ఎంతసేపు నిలిచిందో దాన్ని బట్టి సగటు తీయాలి, చాలామంది ఇక్కడే పొరబడతారు. ఎక్కువసేపు నడిపితే సగటు, వేరియన్స్ (సగటు చుట్టూ ఊగిసలాట ఎంతో చెప్పే కొలత) రెండూ 2 దగ్గరకు రావాలి. రాకపోతే కోడ్ మళ్లీ చూసుకోండి. ఆ వెతుకులాట మీకు విసుగనిపించకపోతే ఈ రంగం మీకు సరిపోతుంది.

చదువులో స్టాటిస్టికల్ మెకానిక్స్‌ను (అణువుల గుంపు ప్రవర్తనను సంభావ్యతతో లెక్కగట్టే శాస్త్రం) గట్టిగా పట్టుకోండి. బయాలజీకి ఒక మంచి సెల్ బయాలజీ పుస్తకం చాలు, మిగతాది పనిలో పడ్డాక వస్తుంది.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెబుతాను. పూర్తి కణం మోడళ్ల పని ఎక్కువగా యూనివర్సిటీల్లోనే ఉంది, పీహెచ్‌డీ తప్పదు. మందుల కంపెనీలు ఎక్కువగా అడిగేది ప్రోటీన్‌కు మందు ఎలా అతుక్కుంటుందో లెక్కగట్టే నైపుణ్యం. అందుకే పీహెచ్‌డీలో పరమాణు సిమ్యులేషన్ కూడా కొంత చేసి ఉంచుకోండి. గైడ్‌ను ఎంచుకునే ముందు మాత్రం, వారి మోడల్‌లోని రేట్లను ఏ ల్యాబ్ కొలిచి ఇస్తోందో అడగండి. సూటిగా జవాబు రాకపోతే మరో గైడ్‌ను చూసుకోండి.