చిన్నా, సోమవారానికి తొందరేం లేదు

చిరంజీవి చిన్నాకి, గుంటూరు నుంచి అత్తయ్య ఆశీర్వదించి రాయునది.

ఫోన్లో చెప్పొచ్చుగా, ఉత్తరమేంటి అంటావు. ఫోన్లో అయితే "సరే అత్తయ్యా, సరే అత్తయ్యా" అని పెట్టేస్తావు. కాగితం మీద ఉంటే రెండోసారైనా చదువుతావు. నువ్వు మొన్న పంపిన ఆ రంగుల బ్రోచరు చూసిన దగ్గర్నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టట్లేదు. విజయవాడ దగ్గర కంకిపాడు దాటాక ప్లాటు, 167 గజాలు, గజం 9,000. సోమవారంలోపు లక్ష టోకెన్ కట్టకపోతే గజానికి వెయ్యి పెంచేస్తారన్నాడట మధ్యవర్తి. నీ దగ్గర 7 లక్షలున్నాయి, తక్కువైన 8 లక్షలు తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి వాడే ఇప్పిస్తాడట. ఎంత మంచివాడో!

నా అరవై నాలుగేళ్లలో ఇలాంటి సోమవారాలు బోలెడు చూశానురా. మంగళవారం పొద్దున్నే వాళ్లే ఫోన్ చేసి, "అమ్మా, మీ కోసం పాత రేటుకే ఆపాం" అంటారు.

స్థలం కొనొద్దని నేను అనట్లేదు. స్థలం కొనే కదా మేం ఈ మాత్రం నిలబడ్డాం. కానీ మీరంతా చూసింది ఇల్లు. ఆ ఇల్లు ఏ డబ్బుతో వచ్చిందో నీకు సగమే తెలుసు, మిగతా సగం రాస్తాను.

మీ మావయ్య మిర్చి యార్డులో గుమాస్తా అని తెలుసుగా. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అన్నం తినే తీరిక ఉండేది కాదు. మే నెల ఎండలకి యార్డుకి సెలవులిస్తే ఇంట్లో కూర్చోవడం. జీతం మాత్రం ఎప్పుడూ ఒకటే, చిన్నది. వేడినీళ్లకు చన్నీళ్లు తోడవుతాయని 1991లో నేను పండుమిర్చి పచ్చడి మొదలుపెట్టాను. 20 కిలోల పండుమిరపకాయలు తెచ్చి, కడిగి, గుడ్డమీద ఆరబెట్టి, తొడిమలు తీసి, చింతపండూ ఉప్పూ వేసి రోట్లో తొక్కాను. రాత్రి చేతులు మండుతుంటే మజ్జిగ గిన్నెలో పెట్టుకుని పడుకున్నాను. వీధివీధంతా లొట్టలేసుకుంటూ తిన్నారు. 400 రూపాయలు మిగిలిందని నేను సంబరపడుతుంటే మీ మావయ్య పెన్సిలు తీసి లెక్క రాశాడు. పప్పునూనె, చింతపండు, వెల్లుల్లి, సీసాలు, కాయలు తెచ్చిన రిక్షా. దానిమీద పదకొండు ఇళ్లవాళ్లు "రేపిస్తాం పిన్నిగారూ" అన్న బాకీ. అన్నీ తీసేస్తే తేలింది 35 రూపాయలు. ఆ 35 కోసమా నెలరోజులు చేతులు కాల్చుకుంది అని ఏడ్చేశాను కూడా.

రెండో ఏడాది ఒక నోటుబుక్కు కొన్నాను. అరువు ఇవ్వనని గుమ్మం దగ్గరే చెప్పేశాను. నలుగురు మొహం మాడ్చుకున్నారు, ఆ నలుగురే మళ్లీ డబ్బులు పట్టుకుని వచ్చారు. మూడో పని, నా లెక్కలో అసలు పని అదే. పచ్చడి డబ్బు వంటింట్లోకి రానివ్వలేదు. మీ మావయ్య జీతంలోనే బియ్యం, పాలు, పిల్లల ఫీజులు. పచ్చడి డబ్బు వచ్చిన రోజు సాయంత్రమే బ్రాడీపేట పోస్టాఫీసులో ఆర్డీ (నెలనెలా కట్టే పొదుపు ఖాతా) కట్టేసేదాన్ని. నెలాఖరున నూనె అయిపోతే పక్కింటికి గ్లాసు పట్టుకుని వెళ్లాను గానీ ఆ డబ్బు ముట్టుకోలేదు. పై సంపాదన జీతంతో కలిసిందా, ఇక అది కనపడదు. సంపాదిస్తున్నామన్న ధీమాతో ఖర్చు పెరుగుతుంది, నెలాఖరుకి చూస్తే రెండూ ఉండవు.

ఇప్పుడు నీ సంగతికి వద్దాం. నీకు పచ్చళ్లు పెట్టడం చేతకాదు, కంప్యూటర్లో ట్యాలీ మీద లెక్కలు రాయడం చేతనవును. ఆటోనగర్‌లో స్పేర్ పార్టులు అమ్ముకునే చిన్న షాపులవాళ్లకి నెలనెలా 11న ఒక జీఎస్టీ రిటర్ను, 20న ఇంకో రిటర్ను తప్పదని నువ్వే చెప్పావు. ఆ తేదీలు దగ్గరపడితే వాళ్లకి టెన్షన్. నాలుగు షాపులు పట్టుకో, షాపుకి 2,500 తీసుకో. అయిదో షాపువాడు బతిమాలినా వద్దను. ఉద్యోగం చేస్తూ రాత్రి పదింటికి ఒకరి బిల్లులు ఇంకొకరి ఖాతాలో ఎక్కించావంటే ఉన్న నలుగురూ పోతారు. మీ ఆఫీసులో ఒక మాట చెప్పి చెయ్యి, దాచి చెయ్యకు. ఫీజు బ్యాంకులోకే తీసుకో, నీ రిటర్నులో చూపించు. రేపు హోమ్‌లోన్‌కి వెళ్తే ఆ కాగితాలే నీకు అక్కరకొస్తాయి.

నాలుగు షాపుల మీద వచ్చే ఆ 10,000లో సగం పీపీఎఫ్‌లో (15 ఏళ్ల ప్రభుత్వ పొదుపు ఖాతా) జమ చెయ్యి. ఏ నెలకానెల 5వ తేదీలోపు కట్టు, ఎందుకంటే 5 నుంచి నెలాఖరు మధ్య ఖాతాలో ఉన్న అతి తక్కువ నిల్వ మీదే వాళ్లు వడ్డీ లెక్క కడతారు. 6న కట్టావా, ఆ కట్టినదానికి ఆ నెల వడ్డీ హుళక్కి. నెలకి 5,000 చొప్పున 15 ఏళ్లు కడితే నువ్వు వేసేది 9 లక్షలు. ఇప్పుడున్న 7.1 శాతమే కొనసాగితే చేతికొచ్చేది 15 లక్షల 75 వేల పైచిలుకు. దాని మీద పన్ను లేదు. ఎప్పుడంటే అప్పుడు తియ్యలేమే అని మీవాళ్లు మూతి విరుస్తారు గానీ, తియ్యలేకపోవడమే దాని సుగుణం.

మిగతా సగం, ఆరునెలల ఇంటి ఖర్చుకి సరిపడా జమయ్యేదాకా మామూలు సేవింగ్స్‌లో ఉంచు. మీ మావయ్యకి స్టెంట్ వేసిన రోజు నాకు బంగారం గుర్తు రాలేదు, స్థలం గుర్తు రాలేదు. రాత్రి తొమ్మిదింటికి కౌంటర్లో కట్టగలిగే డబ్బే గుర్తొచ్చింది.

నేను తెలివైనదాన్నని రాసుకుంటున్నాననుకునేవు. ఆ ఆర్డీ కట్టే రోజుల్లోనే నేనొక వెధవ పని కూడా చేశాను. మా వీధిలో ఒకావిడ 30,000 చీటీ వేసింది. ఇరవైమంది, నెలకి 1,500. రిజిస్ట్రేషనూ లేదు, కాగితమూ లేదు, ఆవిడ నవ్వే హామీ. మొదటి పాటలు బాగానే జరిగాయి. నేను చివరిదాకా పాడకుండా ఉంటే డివిడెండు బాగా మిగులుతుందని లెక్కలేసుకుని కూర్చున్నాను. పద్నాలుగో నెల దాటాక ఒక పొద్దున చూస్తే ఆ ఇంటికి తాళం. 21,000 పోయింది. అప్పట్లో అది నా రెండేళ్ల పచ్చడి. మీ మావయ్య ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ. చీటీలకి అప్పటికే చట్టం ఉంది, రిజిస్టరు చేసిన చీటీ అయితే నడిపేవాళ్లు రిజిస్ట్రారు దగ్గర సెక్యూరిటీ పెట్టాలి. ఈ ముక్క నాకు డబ్బు పోయాక తెలిసింది.

ఆ దెబ్బతో మూడేళ్లు వెనకబడి, 1997లో గోరంట్ల వైపు స్థలం చూడ్డానికి బయల్దేరాం. మీ మావయ్య చేతక్ స్కూటరు మీద, ఆగస్టు నెలలో, కావాలనే వాన పడ్డ మర్నాడు వెళ్లాం. మొదట చూపించిన స్థలం చవక. మధ్యవర్తి రోడ్డుమీదే నిలబడి చెయ్యి చాపి చూపించాడు. నేను చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి నడిచాను. నాలుగడుగులేశానో లేదో మోకాలిదాకా నీళ్లు. "రెండు రోజుల్లో ఇంకిపోతుందమ్మా" అన్నాడు. నాలుగో రోజు మేం మళ్లీ వెళ్లాం, వాడికి చెప్పకుండా. నీళ్లు అలాగే ఉన్నాయి, కప్పలు చేరాయి. దాన్ని వదిలేసి, గజానికి వంద ఎక్కువైనా మెరక మీదున్న 150 గజాలు 650 లెక్కన కొన్నాం. మేం ఇప్పుడుంటున్న ఇల్లు దానిమీదే.

ఈ మాట నీకు వేరే చెప్పాలా? 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు నువ్వు మేడమీద కూర్చుని పాలప్యాకెట్ల కోసం పడవ వైపు చూసినవాడివే. అక్కడివాళ్లంతా స్థలం కొన్న రోజు రోడ్డు, స్కూలు, బస్టాపు చూసుకున్నవాళ్లే. నీళ్లు ఎటునుంచి వస్తాయని ఎంతమంది అడిగి ఉంటారు? ఇప్పుడు వానల్లేవు కాబట్టి నువ్వు ఒక పని చెయ్యి. ఆ వెంచరు పక్కన పాత ఇళ్లుంటాయి, ప్రహరీగోడల మీద నీటి మరకలు ఎంత ఎత్తున ఉన్నాయో చూడు. దగ్గర్లో టీకొట్టు ఉంటే టీ తాగు. అక్కడ కూర్చునే ముసలాయనకి ఏ కాలవ ఎప్పుడు పొంగిందో మీ బ్రోచరువాడి కంటే బాగా తెలుసు.

ఇక కాగితాలు. బ్రోచరు మీద 'సీఆర్‌డీఏ అప్రూవ్డ్' అని పెద్దక్షరాలతో ఉంది, అంటే రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ అనుమతి ఉందని, ఎల్‌పీ నంబరు (లేఔటు అనుమతి నంబరు) మాత్రం ఎక్కడా కనపడలేదు. నంబరడుగు. "అప్లై చేశాం, వచ్చేస్తుంది" అన్నాడంటే రానట్టే లెక్క. రెరా (వెంచర్లని రిజిస్టరు చేసే ప్రభుత్వ సంస్థ) నంబరు అడుగు, ఆన్‌లైన్లో నువ్వే కొట్టి చూసుకో. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడు, అందులో ఉంటే రిజిస్ట్రేషనే అవ్వదు. అసైన్డ్ భూమి, అంటే సర్కారు పేదలకిచ్చిన భూమి అయితే పేరు కూడా ఎత్తకు. ఈసీ (ఆ స్థలం మీద జరిగిన అమ్మకాలూ తాకట్లూ చూపించే కాగితం) ముప్ఫై ఏళ్లకి తీయించు, లింకు డాక్యుమెంట్లు, అంటే పాత అమ్మకాల దస్తావేజులు అన్నీ తెప్పించు. అందులో ఎక్కడైనా ఉమ్మడి ఆస్తి అమ్మి ఒక చెల్లెలి సంతకం లేకపోతే అక్కడ ఆగిపో. ఆ చెల్లెలి మనవడు ఎప్పుడో ఒకప్పుడు వస్తాడు. ఇవన్నీ చూసిపెట్టడానికి వకీలు కొద్దో గొప్పో తీసుకుంటాడు, అక్కడ మాత్రం పిసినారితనం చేయకు. (నా నోటి నుంచి ఈ మాట విని మీ నాన్న నవ్వుతాడు.)

బ్రోచరులో లేని లెక్క ఇంకోటుంది. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం. 15 లక్షల 3 వేల ప్లాటుకి లక్షా పన్నెండు వేల పైన. నీ 7 లక్షల్లోంచి అది ముందే తీసి పక్కన పెట్టావా? కొంత బ్లాకులో ఇస్తే ఇది తగ్గుతుందని వాడు అంటాడు. స్థలం అమ్మేవాడు 20,000, ఆపైన నగదుగా తీసుకోకూడదని ఆదాయపన్ను చట్టంలోనే ఉందని నీకు నేను చెప్పాలా? టోకెన్ కూడా చెక్కు మీదే, అదీ స్థలం ఎవరి పేరున ఉందో వాళ్ల పేరునే.

ఇక ఆ రెండు రూపాయల వడ్డీ. 8 లక్షలకి నెలకి 16,000. నీ జీతం 38,000. మూడేళ్లకి వడ్డీయే 5 లక్షల 76 వేలు, అసలు అంగుళం కదలదు. గజానికి వెయ్యి పెరిగినా నీకు అదనంగా పడేది లక్షా 67 వేలు. ఏది భయపడాల్సిన అంకె? మీ మావయ్య స్నేహితుడొకాయన 2015లో అమరావతికి శంకుస్థాపన అయ్యాక తుళ్లూరు దగ్గర ఇలాగే వడ్డీకి తెచ్చి కొన్నాడు. 2019 డిసెంబరులో మూడు రాజధానులన్నాక కొనేవాడు లేడు. వడ్డీ మాత్రం నెలనెలా ఒకటో తారీఖునే తలుపు కొట్టింది. 2021లో కొన్న రేటుకంటే తక్కువకి అమ్మి అప్పు తీర్చాడు. ఆయన పక్కనే సొంత డబ్బుతో కొన్న రైతు కదల్లేదు, 2024 దాటాక అడిగేవాళ్లే ఆయన ఇంటికి వచ్చారు. నేల ఒకటే, రోడ్డు ఒకటే.

అద్దెలొస్తాయిగా, ఫ్లాటు కొననా అని కూడా అడిగావు. మా మేడమీద పోర్షన్ అద్దెకిస్తున్నాను కాబట్టి చెబుతున్నా. ఆషాఢంలో ఖాళీ అయితే కొత్తవాళ్లు దిగరు, శ్రావణం దాకా ఆగాలి. మనిషి మారినప్పుడల్లా సున్నాలు, మోటారు, ఏదో ఒకటి. అద్దెతో ఈఎంఐ తీరిపోతుందని ఎవరన్నా చెబితే నమ్మకు, మన ఊళ్లలో తీరదు. తర్వాతెప్పుడైనా ఉండటానికి ఇల్లు కొంటే, 30 లక్షల లోను 9 శాతం మీద 20 ఏళ్లకి పెట్టుకుంటే నెలకి 27,000 పడుతుంది, మొత్తం 65 లక్షల దాకా కడతావు. అదే 15 ఏళ్లకి అయితే నెలకి మరో మూడున్నర వేలు, మొత్తంలో 10 లక్షలు మిగులు. ఆ మూడున్నర వేలకి అప్పటికి నీ ఆటోనగర్ షాపులుంటాయి.

బంగారం గురించి అమ్మాయి అడిగిందన్నావు. వేసుకోవాలనిపిస్తే కొనుక్కోమను, నేనేం అనను. పొదుపు అని పేరు మాత్రం పెట్టొద్దను. తరుగూ మజూరీ అమ్మేటప్పుడు తిరిగి రావు.

సోమవారం వాడికి ఫోన్ చేసి, "మా అత్తయ్య కాగితాలు చూడందే ఇవ్వనంటోంది" అని చెప్పు. నా మీద పెట్టు, నాకేం ఫర్వాలేదు. జిరాక్సులు ఇస్తే ఆదివారం తీసుకుని గుంటూరు రా. మీ మావయ్యకి కళ్లజోడు పెట్టి కూర్చోబెడతాను, యార్డులో ముప్ఫై ఏళ్లు చిట్టాలు చూసినవాడు, తప్పు అక్షరం ఆయన కళ్లు దాటిపోదు. అమ్మాయిని కూడా తీసుకురా. పండుమిర్చి తొక్కి జాడీలో పెట్టాను, మీకు కిలో తీసి ఉంచాను. పోయినసారి పట్టుకెళ్లిన రెండు సీసాలు కడిగి తీసుకురావడం మర్చిపోకు, ఇప్పుడు ఒక్కో సీసా పద్దెనిమిది రూపాయలు.

మీ అత్తయ్య